కిట్టుతో కొయ్య ఓడ నమూనాలు

ప్లైవుడ్ పలకల్లో కోసిన అస్థిపంజరం, కట్టలు కట్టిన సన్నని చెక్కపట్టీలు, చిన్నచిన్న సంచుల్లో ఇత్తడి మేకులు, ఫిరంగులు, కప్పీలు, నాలుగైదు మందాల దారపు ఉండలు, మడతపెట్టిన నక్షాలు, ఒక సూచనల పుస్తకం. కొయ్య ఓడ నమూనా కిట్టు మూత తీస్తే కనిపించేది ఇంతే. ప్లాస్టిక్ కిట్టులో భాగాలు ఆకారంతో సహా వస్తాయి. అతికించి రంగు వేస్తే పని చాలావరకు అయిపోతుంది. కొయ్య కిట్టులో వచ్చేది ఎక్కువగా ముడిసరుకే. నీటిలో తేలే దేహం, అంటే హల్, సాధారణంగా పెట్టెలో ఉండదు. దాన్ని తిన్నని పట్టీలను వంచి, కోసి, అతికించి కట్టేవారే తయారు చేసుకోవాలి. అందుకే ఒకే కిట్టు కొన్న ఇద్దరి నమూనాలు ఒకేలా రావు. చిన్న దోనెకు కొన్ని వారాల సాయంత్రాలు చాలు. మూడు తెరచాప కొయ్యల యుద్ధనౌకకు ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

చరిత్ర

నమూనా ఓడల అవసరం మొదట పడింది చనిపోయినవారికి. క్రీ.పూ. 1980 ప్రాంతానికి చెందిన ఈజిప్టు ఉన్నతాధికారి మెకెట్రె సమాధిలో 1920లో హెర్బర్ట్ విన్‌లాక్ బృందానికి ఒక రహస్య గది దొరికింది. అందులో పశువుల కొట్టం, ధాన్యపు కొట్టు, రొట్టెల వంటశాల బొమ్మలతో పాటు సరంగులతో సహా పడవలు కూడా ఉన్నాయి. టుటన్‌ఖామన్ సమాధిలో 35 పడవ నమూనాలు బయటపడ్డాయి. పరలోక ప్రయాణానికి పడవ ఉండాలన్నది ఆనాటి నమ్మకం.

ఓడను ఓడగా అర్థం చేసుకోవడానికి చేసిన నమూనాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇంగ్లండులో 17వ శతాబ్దం మధ్య నుంచి నౌకాదళ పాలకుల కోసం చేసిన నమూనాలను నేవీ బోర్డు నమూనాలు అంటారు. వీటిలో కింది భాగానికి పలకలు బిగించేవారు కాదు, లోపలి పక్కటెముకల అమరిక బయటికి కనిపించేలా వదిలేసేవారు. అమెరికాలోని అనాపొలిస్ నౌకాదళ అకాడమీకి 1935లో వీలునామా ద్వారా చేరిన రోజర్స్ సేకరణలో ఇలాంటివి చాలా ఉన్నాయి. నెపోలియన్ యుద్ధాల కాలపు ఖైదీల నమూనాలది వేరే కథ. పీటర్‌బరో దగ్గరి నార్మన్ క్రాస్ వంటి శిబిరాల్లో ఫ్రెంచి ఖైదీలు రేషను మాంసంలోంచి మిగిలిన ఎముకలను శుభ్రం చేసి, రేకులుగా కోసి, ఓడలు కట్టి బయటివారికి అమ్ముకునేవారు. చేతిలో నక్షా ఉండేది కాదు కాబట్టి కొలతలు తరచూ తప్పేవి, కొయ్యలు మరీ పొడవయ్యేవి. పనితనంలో మాత్రం వాటికి వంక పెట్టలేం.

ఇంటి బల్ల మీద ఓడ కట్టుకునే అలవాటు 20వ శతాబ్దానిది. 1920లలో కెప్టెన్ ఇ. ఆర్మిటేజ్ మెకాన్ అమెరికాలో నక్షాలు, పుస్తకాలు ప్రచురించి సామాన్యులకు ఈ దారి చూపించాడు. కిట్టు కంపెనీల్లో బ్లూజాకెట్ తన మూలాలను 1905లో హెచ్. ఇ. బౌచర్ పెట్టిన సంస్థ దాకా చెప్పుకుంటుంది. మోడల్ షిప్‌వేస్ 1946లో, డెన్మార్క్‌లో బిల్లింగ్ బోట్స్ 1958లో మొదలయ్యాయి. ఇటలీ నుంచి అమాటి, కోరెల్, మాంటువా, స్పెయిన్ నుంచి ఆర్తెసానియా లాటినా, ఆక్రే, బ్రిటన్ నుంచి కాల్డర్‌క్రాఫ్ట్ పేర్లు ఈ రంగంలో తరచూ వినిపిస్తాయి.

అమెరికన్, యూరప్ కిట్ల మధ్య స్వభావంలోనే తేడా ఉండేది. పాత అమెరికన్ కిట్టులో యంత్రం మీద దాదాపుగా చెక్కిన నిండు కొయ్య హల్ వచ్చేది. మూసలు పెట్టి చూసుకుంటూ దాన్ని సరిచేసుకోవాలి. నక్షాలు లోతైనవి, అలంకారం తక్కువ. ఇటలీ, స్పెయిన్ కిట్లలో మెరిసే వాల్‌నట్ పట్టీలు, పోతపోసిన బొమ్మలు ఎక్కువ. చరిత్ర విషయంలో పట్టింపు కొంత తక్కువ. ఇప్పుడు ఈ గీత చెరిగిపోతోంది గానీ, పాత కిట్టు కొనేవారికి తెలిసి ఉండటం మేలు.

స్కేలు, ఎంపిక

1:48 అంటే అసలు ఓడలోని ఒక అడుగు నమూనాలో పావు అంగుళం అవుతుంది. మ్యూజియం పనికి ఎంతో కాలంగా వాడుకలో ఉన్న కొలత ఇదే. బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీ మీద సి. నెపియన్ లాంగ్‌రిడ్జ్ 1955లో వెలువరించిన పుస్తకానికి ఆధారమైన నమూనా కూడా ఇదే కొలతది. కిట్లలో 1:64, 1:72, 1:98 వంటివి ఎక్కువ. కొత్తవారు సాధారణంగా పెట్టె మీది బొమ్మ చూసి ఓడను ఎంచుకుంటారు. చూడాల్సింది స్కేలు, కొయ్యల సంఖ్య, హల్ వంపు. నోవా స్కోషియాలోని లూనెన్‌బర్గ్‌లో 1921లో నీటిలోకి దిగిన చేపల వేట స్కూనర్ బ్లూనోస్‌ను తీసుకుందాం. దాని మొత్తం పొడవు 143 అడుగులు, 1:64లో సుమారు 68 సెంటీమీటర్లు. రెండే కొయ్యలు, ఫిరంగులు లేవు, చెక్కడపు పని దాదాపు లేదు. కెనడా పది సెంట్ల నాణెం మీద 1937 నుంచి ఉన్న ఓడ కాబట్టి చాలా కంపెనీలు దీని కిట్లు తెచ్చాయి. రెండో మూడో నమూనాగా ఇది మంచి ఎంపిక. మొదటిదిగా మాత్రం కాదు, ఎందుకంటే సన్నని ముక్కు దగ్గర, వెనుక దూలం కింద పట్టీలు బాగా ఏడిపిస్తాయి.

మొదటిసారి చేసేవారికి దోనె మంచిది. గ్రాండ్ బ్యాంక్స్ చేపల వేటలో వాడిన డోరీ వంటి చదునైన అడుగున్న పడవలో పలకలు వెడల్పుగా, తక్కువగా ఉంటాయి. తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసిపోతుంది. ఓడను నిలువునా సగానికి కోసినట్టు ఒకే పక్క చూపించే అర్ధ హల్ కిట్లు కూడా ఉన్నాయి. గోడకు తగిలించుకునే ఈ నమూనాలో పట్టీల పని సగం, నేర్చుకునేది మొత్తం.

చరిత్ర పట్ల కిట్టు ఎంత నమ్మకంగా ఉందన్నది వేరే ప్రశ్న. 1628లో స్టాక్‌హోంలో తొలి ప్రయాణంలోనే మునిగిపోగా 1961లో పైకి తీసిన స్వీడన్ నౌక వాసా పైభాగాన్ని చాలాకాలం నీలంగా ఊహించారు. కొయ్య మీద మిగిలిన రంగు ఆనవాళ్ల పరిశోధన 1990లలో అది ఎరుపని తేల్చింది. పాత పెట్టెల మీద నీలి వాసాయే ఉంటుంది. విక్టరీకీ ఇలాగే జరిగింది. పాత రంగు పొరలను పరిశీలించాక 2015లో అసలు ఓడనే కొట్టొచ్చినట్టుండే పసుపు నుంచి లేత గులాబీ ఛాయ ఉన్న కావిరంగుకు మార్చారు. కిట్టులో చెప్పిన రంగును వేదవాక్కుగా తీసుకోకపోవడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

తిన్నని పట్టీ, వంపు తిరిగిన హల్

ఈ పనిలోని కష్టమంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. చెక్కపట్టీ మందం దిశలో తేలిగ్గా వంగుతుంది, వెడల్పు దిశలో వంగదు. ఓడ హల్ రెండు దిశల్లోనూ వంగి ఉంటుంది. నున్నటి సొరకాయ మీద తాటాకు పాయలను పక్కపక్కన పరచబోతే నడుమ చక్కగా కూర్చుని, కొసల దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఓడ మీద పట్టీలు చేసేదీ అదే. పట్టీని సన్నబరచడం, కొత్త ముక్క చొప్పించడం, రెండు పొరలు వేయడం, లప్పం పెట్టడం అన్నీ ఈ ఇబ్బందికి కనిపెట్టిన విరుగుళ్లే.

ఎక్కువ కిట్లలో మధ్యలో ఒక వెన్నుపలక, దాని గాడుల్లో కూర్చునే అడ్డుపలకలు వస్తాయి. అసలు ఓడలో పక్కటెముకలు ఇంతకంటే చాలా దగ్గరదగ్గరగా ఉంటాయి. కిట్టులో పది పన్నెండు అడ్డుపలకలతో సరిపెడతారు. వెన్నుపలక వంకరగా ఉంటే ముందే తెలుసుకోవాలి. చదునైన గాజు మీద పెట్టి చూస్తే చాలు, వంకర ఉంటే తడిపి బరువు పెట్టి సరిచేయవచ్చు. అడ్డుపలకలు వెన్నుకు లంబంగా నిలిచేలా మూలమట్టం పెట్టి అతికించాలి. ఇక్కడ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే ఆఖరున డెక్ మీద అది వంకరగా బయటపడుతుంది.

తర్వాతి పనిని చాలామంది తొందరలో దాటేస్తారు. లేజర్ కోసిన అడ్డుపలక అంచు నిటారుగా ఉంటుంది. ముక్కు వైపు హల్ లోపలికి తిరుగుతుంది కాబట్టి ఆ అంచును ఏటవాలుగా అరగదీస్తే తప్ప పట్టీ దాని మీద పూర్తిగా కూర్చోదు. అరగదీయాల్సిన భాగం ఓడ నడుముకు దూరంగా ఉన్న అంచు, ముట్టుకోకూడనిది నడుము వైపు అంచు. లేజర్ వేడికి మాడి నల్లబడిన పొర ఇక్కడ చక్కని గుర్తుగా పనికొస్తుంది. చెక్క మందంలో పొరంతా పోయి, నడుము వైపు మూలన వెంట్రుకంత నల్లగీత మిగిలిందంటే సరిగ్గా చేరాల్సిన చోటికి చేరినట్టే. ఆ గీత కూడా పోతే హల్ అక్కడ లోపలికి కుంగుతుంది. జిగురు పూసే చోట మాత్రం ఈ మాడును పూర్తిగా గీకేయాలి, దాని మీద జిగురు బాగా పట్టదు. చివరగా సన్నని చెక్కబద్దను నాలుగైదు అడ్డుపలకల మీదుగా వేలితో ఆనించి చూస్తే ఎత్తుపల్లాలు కంటికంటే ముందు వేలికి తెలుస్తాయి. ముక్కు దగ్గర వంపు చటుక్కున తిరిగే చోట అడ్డుపలకల మధ్య బాల్సా ముక్కలు నింపి చెక్కితే పట్టీలకు ఆనుకునే చోటు దొరుకుతుంది. కిట్టులో చెప్పకపోయినా ఈ పని చేయడమే మంచిది.

పట్టీల లెక్క చిన్నదే. నడుము దగ్గరి అడ్డుపలక అంచు ఒక పక్క 120 మిల్లీమీటర్లు, పట్టీ వెడల్పు 5 మిల్లీమీటర్లు అనుకుంటే 24 పట్టీలు కావాలి. ముక్కు దగ్గర అంచు 72 మిల్లీమీటర్లే ఉంటే అవే 24 పట్టీలు అక్కడ 3 మిల్లీమీటర్లకు తగ్గాలి. సగం కంటే ఎక్కువ సన్నబరచవద్దన్నది పాత నియమం. ఇక్కడ 2.5 కంటే తక్కువ కాలేదు కాబట్టి ఫరవాలేదు. ఓడ వెనుకభాగంలో కొన్నిసార్లు అంచు నడుముకంటే పొడవవుతుంది. పట్టీలు విప్పారి సందు పడినచోట ఒక వైపు మొనదేలిన ముక్కను చొప్పించాలి. ప్రతి అడ్డుపలక మీదా పెన్సిలుతో ఈ విభజన గీతలు ముందే పెట్టుకున్నవారికి పట్టీలు ఎటు పోవాలో తెలుస్తుంది. పెట్టుకోనివారి పట్టీలు ముక్కు దగ్గర పైకి ఎగబాకుతాయి. ముఖ్యంగా వెన్నుదూలం, అంటే కీల్, పక్కనే ఉండే మొదటి పట్టీని ముక్కు మీదికి ఎక్కువగా ఎక్కించడం కొత్తవారు తరచూ చేసే తప్పు. ఆ తర్వాత వచ్చే ప్రతి పట్టీ దాని వంకరను మోయాల్సిందే.

వంచడానికి నీళ్లు, వేడి రెండూ కావాలి. చెక్కలోని నారలను పట్టి ఉంచే లిగ్నిన్ తడిగా ఉండి వేడెక్కితే మెత్తబడుతుంది, చల్లారితే కొత్త ఆకారంలో గట్టిపడుతుంది. నానబెట్టిన పట్టీని వేడి కడ్డీ చుట్టూ వంచవచ్చు, జుట్టు వంకీలు తిప్పే పరికరంతోనైనా పని జరుగుతుంది. వెడల్పు దిశలో కొద్దిపాటి వంపు కావాలంటే పట్టీని చదునైన బల్ల మీద బిగించి, ఒక కొసను పక్కకు లాగి క్లిప్పు పెట్టి హెయిర్ డ్రయ్యరుతో ఆరబెడతారు. కాస్త ఎక్కువగానే వంచాలి, వదిలేయగానే కొంత వెనక్కి వస్తుంది. చెక్క రకం కూడా చూడాలి. లేతరంగు బాస్‌వుడ్ మాట వింటుంది, వాల్‌నట్ సులభంగా చిట్లుతుంది. నార ఏటవాలుగా పోయిన పట్టీని వంపు లేని నడుముకు కేటాయించడం తెలివైన పని.

ఒక పక్క రెండు మూడు పట్టీలు వేశాక రెండో పక్కకు మారాలి. ఒకవైపే వేసుకుంటూ పోతే ఆరే పట్టీల లాగుడుకు వెన్నుపలకే మెలిపడుతుంది. రెండు పొరల కిట్లలో మొదటి పొర సాధారణంగా ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, రెండోది అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. మొదటి పొర కనిపించదు కాబట్టి దాన్ని ఎలాగైనా వేయవచ్చని కొందరు అనుకుంటారు. కనిపించనిది చెక్క మాత్రమే, ఆకారం కాదు. అర మిల్లీమీటరు రెండో పొర కింది గుంటను దాచలేదు, దాన్ని సరిచేయబోతే ఉప్పుకాగితం పొరను చీల్చేస్తుంది. లప్పం పెట్టాల్సింది, రుద్దాల్సింది మొదటి పొర మీదే.

జిగురుల్లో రెండు చాలు. మన దగ్గర ఫెవికోల్ పేరుతో స్థిరపడిన తెల్ల జిగురు నెమ్మదిగా ఆరుతుంది, సరిచేసుకునే వ్యవధి ఇస్తుంది. ఫెవిక్విక్ వంటి సూపర్ గ్లూ క్షణాల్లో పట్టేస్తుంది, పొగకు చుట్టుపక్కల తెల్లబారుతుంది, వార్నిష్ వేసేటప్పుడు మరకగా బయటపడుతుంది. కొందరు పట్టీకి తెల్ల జిగురు పూసి, మధ్యమధ్య ఒక్కో చుక్క సూపర్ గ్లూ పెట్టి క్లిప్పుల అవసరం తప్పించుకుంటారు.

డెక్, రాగిరేకు

డెక్ పలకల వెడల్పు అసలు ఓడలో 10 అంగుళాలుంటే 1:64లో అది 4 మిల్లీమీటర్లు. పలకల సందుల్లో నార కూరి తారు పోసిన గీతను చూపించడానికి పట్టీల అంచులకు మెత్తని పెన్సిలు రుద్ది అతికిస్తే చాలు. నల్లదారమో నల్లకాగితమో పెడితే గీత లావై బొమ్మలా కనిపిస్తుంది. పలకల కొసలు అన్నీ ఒకే వరసలో రాకుండా, మూడు నాలుగు పలకలకొకసారి తిరిగి వచ్చేలా అమర్చాలి.

నీటి కింది భాగానికి రాగి తొడగడాన్ని బ్రిటిష్ నౌకాదళం 1761లో అలార్మ్ అనే ఓడతో పరీక్షించింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలానికి నౌకాదళమంతటికీ దాన్ని విస్తరించింది. కొయ్యను తొలిచే పురుగు, నాచు రెండింటినీ రాగి ఆపింది. రేకు పొడవు 4 అడుగులు, వెడల్పు 14 అంగుళాలు. 1:64లో 19 మిల్లీమీటర్లు, ఐదున్నర మిల్లీమీటర్లు. వెనుక నుంచి ముందుకు వేసుకుంటూ వస్తే ముందు రేకు అంచు వెనక రేకు మీదికి వస్తుంది, నీటి ఒరవడి అంచును లేపదు. కొన్ని కిట్ల రేకుల మీద మేకుల తలలు బొడిపెల్లా ముద్రించి ఉంటాయి. ఒక మిల్లీమీటరు బొడిపె అంటే అసలు ఓడలో 64 మిల్లీమీటర్ల మేకు తల! అలాంటివి రుద్దేయడమే నయం. రాగిని ఉత్త చేతులతో ముడితే వేలిముద్రలు నల్లగా మిగిలిపోతాయి, చేతి తొడుగు వేసుకుని, పూర్తయ్యాక అసిటోన్‌తో తుడవాలి. తర్వాత పూత వేసి మెరుపు నిలపాలా, వదిలేసి గోధుమరంగుకు తిరగనివ్వాలా అన్నది కట్టేవారి ఇష్టం. వదిలేస్తేనే అందంగా ఉంటుంది.

పూతలు

పట్టీల పని కంటే పూత పని తేలికని అనిపిస్తుంది. నిజానికి ఎన్నో నెలల శ్రమ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఉప్పుకాగితం 120 నంబరు నుంచి 180, 240, 400 వరకు మెట్లుమెట్లుగా, నార దిశలోనే రుద్దాలి. ఒక మెట్టు దాటవేస్తే ముతక కాగితపు గీతలు రంగు వేశాక బయటపడతాయి. 240 తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అణిగిన నారలు లేచి చెక్క గరుకవుతుంది. ఆరాక వాటిని తేలిగ్గా రుద్దేస్తే వార్నిష్ తొలిపూతకు మళ్లీ లేవవు. ఈ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కలప దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మాస్కు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

స్టెయిన్, అంటే చెక్కలోకి ఇంకే రంగు, వేయాలంటే ముందు జిగురు మచ్చలు వెతకాలి. చెక్క పీల్చుకున్న జిగురు మామూలుగా కనిపించదు. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో హల్‌ను ఒక్కసారి తుడిస్తే చెక్కంతా ముదురై, జిగురున్న చోటు మాత్రం లేతగా మిగులుతుంది. గీకేయడానికి అదే సమయం. స్టెయిన్ వేశాక ఆ మచ్చలు తెల్లగా నవ్వుతాయి, ఇక చేయగలిగేది లేదు. బాస్‌వుడ్ స్టెయిన్‌ను అక్కడక్కడా ఎక్కువ, అక్కడక్కడా తక్కువ పీలుస్తుంది కాబట్టి ముందు పలుచని సీలర్ పట్టించాలి. ఇంతకంటే మేలైన దారి, రంగు మార్చాల్సిన అవసరమే లేని చెక్కను ఎంచుకోవడం. అసలు ఓడలు ఓక్‌తో, మన తీరంలో టేకుతో కట్టినా నమూనాలో అవి నప్పవు. వాటి నార, రంధ్రాలు స్కేలుకు మించి పెద్దగా కనిపిస్తాయి. సన్నని నార ఉన్న పియర్, బాక్స్‌వుడ్, అలాస్కన్ సెడార్ ఈ పనికి తగినవి.

పూతల్లో లక్క, అంటే షెల్లాక్, పాతది, అన్నిటికంటే దయగలది. స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూస్తే నిమిషాల్లో ఆరుతుంది, తప్పు జరిగితే స్పిరిట్‌తోనే తీసేయవచ్చు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది కూడా లక్కే. అక్కడ లేతు మీద తిరుగుతున్న అంకుడు కొయ్యకు రంగు కలిపిన లక్కను ఒత్తి, రాపిడి వేడికి కరిగిస్తారు. టంగ్, లిన్సీడ్ నూనెలు చెక్కకు లోతైన రంగునిస్తాయి, కానీ ఆ నూనె తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేయకూడదు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకోగలవు. విప్పి పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

మెరుపు ఎంత ఉండాలి? నిగనిగలాడే ఉపరితలం ఉన్న నమూనా బొమ్మలా ఉంటుంది, కాబట్టి తెరచాప ఓడలకు మసక మెరుపే సరి. దీనికి పెద్ద మినహాయింపు అమెరికన్ మహోగనీ మోటారు పడవలు. మిషిగన్‌లోని ఆల్గొనాక్‌లో మొదలైన క్రిస్-క్రాఫ్ట్ పడవలు అసలువే అద్దాల్లా ఉంటాయి. అరిజోనాలోని డ్యూమస్ కంపెనీ వీటి కిట్లు రేడియో నియంత్రణతో నడిచేలా అందించింది. వీటికి రంధ్రాలు పూడ్చే రంగు ముద్ద, స్టెయిన్, సీలర్, ఆపై వార్నిష్ పూతలు వస్తాయి. రెండు మూడు పూతలకొకసారి 400 నంబరు నీటి ఉప్పుకాగితంతో రుద్దాలి. తొలి పూతల్లో రుద్దేటప్పుడు మెరిసే చిన్న గుంటలు మిగులుతాయి. ఆ మెరుపు చుక్కలు పూర్తిగా పోయి ఉపరితలమంతా ఒకే మసక తెలుపుగా మారేవరకు పూయడం, రుద్దడం సాగాలి. ఆఖరి పూత దుమ్ములేని గదిలో వేయాలి. నీటిలో దింపే పడవైతే హల్‌కు ముందే పలుచని గాజునూలు బట్ట, ఎపాక్సీ పట్టిస్తారు.

నీటిగీతను కంటితో గీయడానికి ప్రయత్నించకూడదు. ఓడను స్టాండులో నిఖార్సుగా మట్టం చేసి, ఒక చెక్కముక్కకు పెన్సిలు బిగించి ఆ ఎత్తు మారకుండా బల్ల మీద చుట్టూ జరిపితే చాలు. టేపు అంటించాక దాని అంచు మీద ముందు పై రంగునే పలుచగా పూయాలి. సందులోకి చొరబడేది ఆ రంగే కాబట్టి కింది రంగు వేసి టేపు తీశాక గీత సూదిగా వస్తుంది.

కొయ్యలు, తాళ్లు

తెరచాప కొయ్యలకు గుండ్రని కడ్డీలు వస్తాయి. వాటిని పైకి పోనుపోను సన్నబరచాలి, చిత్రిక పట్టి ఎనిమిది పలకలుగా, తర్వాత పదహారుగా చేసి గుండ్రం చేయడం పడవ కట్టే వడ్రంగులకు తెలిసిన పాత పద్ధతే. కొయ్యలను నిలబెట్టి పట్టే తాళ్లు తారు పూసినవి కాబట్టి ముదురు రంగులో, తెరచాపలను లాగే తాళ్లు లేత రంగులో ఉండాలి. నిచ్చెన మెట్లలా కట్టే అడ్డతాళ్ల మధ్య దూరం 13 అంగుళాలు అనుకుంటే 1:64లో 5 మిల్లీమీటర్ల పైచిలుకు. పాత పుస్తకాల్లో, 1794 నాటి డేవిడ్ స్టీల్ పట్టికల్లో సైతం, తాడు కొలత చుట్టుకొలతగా ఇచ్చారు. దాన్ని వ్యాసమని పొరబడితే తాడు మూడింతలు లావవుతుంది. తొమ్మిదిన్నర అంగుళాల తాడు నమూనాలో 1.2 మిల్లీమీటర్లే. తెరచాపలు కట్టాలా వద్దా అన్నదానికి ఒకే సమాధానం లేదు. గుడ్డ నేత స్కేలుకు మించి ముతకగా ఉంటుంది, పైగా చేసిన తాళ్ల పనంతా దాని వెనకాల దాగిపోతుంది. ఉత్త కొయ్యలతో వదిలేయడమే సాధారణంగా అందం.

తెలుగు తీరం

కిట్ల కంపెనీల జాబితాల్లో యుద్ధనౌకలు, క్లిప్పర్లు, అట్లాంటిక్ స్కూనర్లు నిండి ఉంటాయి, మన తీరపు పడవలు దాదాపు కనిపించవు. చెప్పుకోవడానికి చరిత్ర లేక కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. 17వ శతాబ్దంలో నరసాపురం దగ్గర గోదావరి మీదుగా వచ్చిన కలపతో ఇంగ్లీషు వర్తకులు ఓడలు కట్టించుకున్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఓడల నిర్మాణానికి పేరుపొంది, 1839 తుపానుకు ధ్వంసమైంది. స్వతంత్ర భారతంలో విశాఖలో కట్టిన జల ఉష 1948లో నీటిలోకి దిగింది. మేకులు లేకుండా తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల ఒడ్డున మనుషులను, సరుకులను దింపేవి. ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మండ్ పారిస్ 1840లలో వెలువరించిన గ్రంథంలో కోరమండల్ తీరపు పడవల కొలతల చిత్రాలున్నాయి. తర్వాత ఆయన పారిస్‌లోని నౌకా మ్యూజియానికి అధిపతి అయ్యాడు. కిట్టు ఆధారం లేకుండా, నక్షా నుంచి సొంతంగా కట్టేవారికి ఈ పడవలు తగిన ఆరంభం. కుట్టుపని నేర్చుకోవాలి గానీ, రెండు పొరల పట్టీల బాధ లేదు.

భద్రపరచడం

పూర్తయిన నమూనాకు మొదటి శత్రువు దుమ్ము. తాళ్ల మధ్య పేరుకుంటే తీయడం కష్టం, మెత్తని కుంచె, గాలి ఊదే బుడ్డి తప్ప మరోటి వాడకూడదు. ఎండ నేరుగా పడితే పట్టీల రంగు, దారం బలం రెండూ పోతాయి. తేమలో మార్పులకు చెక్క ఉబ్బి కుంచించుకుంటుంది, ఏసీ గదికీ వానాకాలపు గాలికీ మధ్య తరచూ మారే నమూనాలో అతుకులు విడుస్తాయి. గాజుపెట్టె తప్పనిసరి, కానీ ఏ చెక్కతో చేసిందన్నది చూసుకోవాలి. పాత కిట్లలో ఫిరంగులు, లంగర్లు సీసంతో పోసినవి ఉంటాయి. ఓక్ చెక్క, కొన్ని రకాల జిగురు పలకలు ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని వదులుతాయి. మూసిన పెట్టెలో అది పేరుకుని సీసాన్ని తెల్లని పొడిగా మారుస్తుంది. ఫిరంగి మీద అలాంటి తెల్లపూత కనిపిస్తే దాన్ని చేత్తో తుడవకూడదు, అది విషం. నమూనాను ఆ పెట్టెలోంచి తీసి, గాలి ఆడే అక్రిలిక్ పెట్టెలోకి మార్చి, పాడైన ముక్కల బదులు ఇత్తడివో, సీసం లేని మిశ్రమ లోహంతో చేసినవో పెట్టుకోవాలి.